గుండెలో లోహ కవాటం.. చేతిలో కొడవలి

గుండె ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన రైతు మొట్టమొదట అడిగేది ‘పొలం ఎప్పుడు వెళ్లొచ్చు?’ అనే. దీనికి జవాబు తేలిక. రెండు మూడు నెలలు ఓపిక పడితే చాలామంది వెళ్లొచ్చు. అయితే వెళ్లాక ఎలా మసలుకోవాలన్నది ఎవరూ పెద్దగా అడగరు. చెడిపోయిన గుండె వాల్వు తీయించి లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకు అసలు కష్టం అక్కడే ఉంది. గాయం మూడు నెలల్లో మానుతుంది. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం బతికున్నంత కాలం వేసుకోవాలి. కొడవలి, ముల్లు, పాము, ఎలుక మందు మధ్య తిరిగే మనిషికి ఆ మాత్రతో కాపురం చేయడం పట్నంలో కుర్చీలో కూర్చునే ఉద్యోగి చేసినంత సులువు కాదు.

వాల్వు చెడిపోవడం ఎక్కువగా పేదింటి జబ్బు. అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వచ్చి, సరైన మందు పడక, కొన్ని వారాలకు మోకాళ్లు, చీలమండలు వాచి నొప్పి పుడతాయి. కీళ్ల నొప్పులు తగ్గిపోతాయి. ఇంట్లో అందరూ మరిచిపోతారు. గుండె మాత్రం మరిచిపోదు. ఈ రుమాటిక్ జ్వరం లోపల కవాటాలను మెల్లగా బిగదీసుకుపోయేట్టు చేస్తుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో, నాట్లు వేస్తుండగానో మోపు ఎత్తుతుండగానో ఆయాసం మొదలవుతుంది. అందుకే వాల్వు ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో పాతికేళ్ల కోడళ్లూ, ముప్పయ్యేళ్ల కాపులూ కనిపిస్తారు. జంతువుల కణజాలంతో చేసిన వాల్వులు ఉన్నా, వయసులో ఉన్నవాళ్లలో అవి త్వరగా అరిగిపోతాయి. మళ్లీ ఆపరేషన్ తప్పదు. లోహపు వాల్వు దశాబ్దాల పాటు నిలుస్తుంది కాబట్టి ఈ వయసు వాళ్లకు డాక్టర్లు ఎక్కువగా దాన్నే వేస్తారు. విదేశాల నుంచి తెప్పించుకునే ఈ వాల్వును మన దేశంలోనే తయారు చేసిన ఘనత తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థది. అక్కడ రూపొందించిన చిత్ర వాల్వును మొదటిసారి 1990లో మనిషికి అమర్చారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పల్లెటూళ్ల నుంచి ఈ ఆపరేషన్‌కు వెళ్లగలిగినవాళ్లు పెరిగారు.

ఎముక అతికేదాకా..

ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని అయ్యాక ఉక్కు తీగలతో కట్టేస్తారు. కాలు విరిగితే కట్టు కట్టించుకుని కదలకుండా పడుకుంటాం. రొమ్ము ఎముకకు ఆ సౌకర్యం లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా, దగ్గినప్పుడల్లా అది కదులుతూనే ఉంటుంది. అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడటానికి మూడు నెలలు పడుతుంది. ఈ లోపు నాలుగైదు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదంటారు. మన పనుల్లో నాలుగైదు కిలోలంటే ఏముంది? నిండు నీళ్ల బకెట్టే పది కిలోలు దాటుతుంది. పదహారు లీటర్ల స్ప్రేయరు నింపి వీపున వేసుకుంటే ఇరవై కిలోల పైమాటే. యూరియా బస్తా 45, ధాన్యం బస్తా 75. కాబట్టి ఆ మూడు నెలలూ వీటి జోలికి పోనే కూడదు.

బరువు ఒక్కటే కాదు, లాగడం, నెట్టడం కూడా అంతే చేటు. డీజిల్ ఇంజను హ్యాండిల్ తిప్పడం, పలుపు తాడుతో గేదెను పట్టుకోవడం, పార పట్టి గట్టు చెక్కడం వంటివన్నీ రొమ్ము మీదే పడతాయి. ‘మా గేదె సాధువండీ’ అంటారు. సాధువైనా సరే, కుక్క అరిస్తే ఒక్క గుంజు గుంజుతుంది. ట్రాక్టరు, మోటారు సైకిలు కూడా రెండు నెలల దాకా వద్దు. నులక మంచం మీంచి లేచేటప్పుడు పట్టె పట్టుకుని చేతుల బలంతో లేవకుండా, పక్కకు ఒత్తిగిల్లి కాళ్లు కిందికి దించి లేవాలి. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకుని దగ్గాలి. రొమ్ము మధ్యలో ‘కటుక్కు’మన్నట్టు అనిపించినా, కుట్ల నుంచి చీము కారినా వెంటనే ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి.

అలాగని మంచానికి అతుక్కుపోవడం కూడా తప్పే. ఇంటి వసారాలో మొదలుపెట్టి, చెరువు గట్టు దాకా, ఆ తర్వాత పొలం దాకా రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడవాలి. నడుస్తూ పక్కమనిషితో మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే. మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు. గట్టు మీద నిలబడి కూలీల చేత పని చేయించుకోవడానికి నెల చాలు. ఆ నిలబడటమే చాలామందికి చేతకాదు, అది వేరే సంగతి.

ఆవుల చావుల్లోంచి పుట్టిన మందు

ఇక మాత్ర సంగతి. లోహం తగిలిన చోట రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. గడ్డ కడితే వాల్వు బిగుసుకుపోవచ్చు, లేదా ఆ గడ్డ ఊడి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. అది జరగకుండా అసిట్రోం, వార్ఫరిన్ వంటి మాత్రలు ఇస్తారు. ఈ మందు పుట్టుక పాడి రైతులకు తెలియాల్సిన కథ.

1920లలో అమెరికా ఉత్తర ప్రాంతంలో, కెనడాలో పశువులకు ఒక వింత రోగం వచ్చింది. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగక ఆవులు చనిపోయేవి. స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం, మన లూసర్న్‌కు చుట్టం లాంటిది, తడిసి బూజు పట్టాక మేపడమే కారణమని పశువైద్యులు కనిపెట్టారు. కరువు రోజులు కాబట్టి బూజు పట్టిన మేతను పారేసే స్తోమత రైతులకు లేదు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నిండిన పాల క్యానును, పాడైపోయిన గడ్డిని బండిలో వేసుకుని మంచు తుపానులో దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి వర్సిటీకి వెళ్లాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు ఆరేళ్లు శ్రమపడి 1939లో ఆ గడ్డిలోంచి దోషకారి పదార్థాన్ని విడదీశారు. దాని తోబుట్టువే వార్ఫరిన్. 1948లో దాన్ని మొదట ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకు మందైంది. మరుసటేడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దీన్నే వాడారు.

ఇది చెప్పుకోవడం ముచ్చట కోసం కాదు. మన వరి చేలల్లో ఎలుకల నిర్మూలనకు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలిపి ఎర పెడతామే, ఆ బ్రోమడయోలోన్ ఈ కుటుంబంలోదే. కాలేయంలో విటమిన్ ‘కె’ పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చేయడమే మాత్ర పనీ, ఎలుక మందు పనీ. తేడా ఏమిటంటే బ్రోమడయోలోన్ ఒంట్లోకి పోతే వారాల తరబడి వదలదు. అసిట్రోం వేసుకునే మనిషి ఎలుక ఎర కలపకూడదు, బొరియల్లో పెట్టకూడదు. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి. వాళ్లయినా చేతికి తొడుగు వేసుకునే కలపాలి.

తోటకూర మానొద్దు

మందు మోతాదు సరిగ్గా ఉందో లేదో తెలుసుకునేందుకు చేసే రక్త పరీక్షే ఐఎన్ఆర్. మామూలు మనిషికి ఇది 1 దరిదాపుల్లో ఉంటుంది. లోహపు వాల్వు మైట్రల్ స్థానంలో ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, అయోర్టిక్ స్థానంలో ఉంటే 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మీకు ఎంత ఉండాలో డాక్టరు చేత కార్డు మీద రాయించుకోండి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. కాలువకు గండి పడకుండా, పొలం ఎండకుండా తూము సర్దుకోవడం లాంటిదే ఇది. మొదట్లో వారానికోసారి, నిలకడ వచ్చాక నెలకోసారి చూపించుకోవాలి. అసిట్రోం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. కాబట్టి ‘ఒక్క పూట తప్పితే ఏమైద్దిలే’ అనుకోవద్దు. రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోవాలి. మరిచిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు మాత్రం రెండు రోజులవి కలిపి వేసుకోకూడదు.

ఆకుకూరల్లో విటమిన్ ‘కె’ ఎక్కువ. మాత్ర పనికి అది ఎదురు. దీన్ని విని కొందరు గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు పూర్తిగా మానేస్తారు. అక్కర్లేదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే తినండి. చిక్కంతా హెచ్చుతగ్గులతోనే. వానలు పడి పెరట్లో తోటకూర విరగబడి వచ్చిందని పదిహేను రోజులు మూడు పూటలా అదే తిన్నా, ఎండాకాలం ఒక్కసారిగా మానేసినా ఐఎన్ఆర్ తలకిందులవుతుంది. సారా, బ్రాందీ, ఎవరో ఇచ్చిన పసరు మందులు, కషాయాలు ఇంకా ప్రమాదం.

ఆకుకూరల కంటే ఎక్కువ చేటు చేసేది ఒళ్లునొప్పుల సూది. కోతల రోజుల్లో ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి ‘డాక్టరు గారూ, నడుం పట్టేసింది, ఒక సూది వేయండి’ అంటారు. డైక్లోఫెనాక్ సూది పిర్రలో పడుతుంది. మామూలు వాళ్లకు ఏమీ కాదు. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు లోపల కండలో రక్తం చేరి తొడ బండలా వాచిపోవచ్చు, కడుపులో పుండు నుంచి రక్తం కారవచ్చు. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ మేలు. అదీ రోజుల తరబడి వాడొద్దు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు కూడా ఐఎన్ఆర్ పెంచేస్తాయి. ఎవరు మందు రాసినా ముందు మీ మాత్ర పేరు చెప్పండి. రక్త పరీక్ష అక్కర్లేని కొత్త రకం మాత్రలు వచ్చాయని ఎవరైనా చెబితే నమ్మి మార్చుకోవద్దు. డాబిగాట్రాన్ అనే మందును లోహపు వాల్వు ఉన్నవాళ్ల మీద పరీక్షించి, గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువ కావడంతో 2012లో ఆ ప్రయత్నం విరమించారు. అపిక్సబాన్‌తో చేసిన పరీక్ష కూడా 2022లో ఆగిపోయింది.

తెగినా, పడినా, కరిచినా

కొడవలి తెగితే శుభ్రమైన గుడ్డతో పావుగంట పాటు తీయకుండా అదిమి పట్టాలి. మధ్యమధ్యలో తీసి చూస్తుంటే రక్తం ఆగదు. పసుపు, కాఫీ పొడి అద్దే అలవాటు మానాలి. చెప్పుల్లేకుండా చేలో దిగడం, తాటి చెట్టు, కొబ్బరి చెట్టు ఎక్కడం, వాము మీద నిలబడి గడ్డి అందుకోవడం ఇక మీ పనులు కావు. తలకు దెబ్బ తగిలితే పైకి బొప్పి కూడా కట్టకపోయినా ఆస్పత్రికి వెళ్లి స్కానింగ్ తీయించుకోవాలి. లోపల రక్తం మెల్లగా కారి మర్నాటికి స్పృహ తప్పినవాళ్లు ఉంటారు.

పాము కరిస్తే, ముఖ్యంగా రక్తపింజరి అయితే, దాని విషం కూడా రక్తం గడ్డకట్టే శక్తినే దెబ్బతీస్తుంది. ఆస్పత్రిలో మీ రక్తాన్ని గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలకు గడ్డకట్టిందో లేదో చూసి విరుగుడు ఇవ్వాలా వద్దా అని తేలుస్తారు. మీరు అసిట్రోం వాడుతున్నారని తెలియకపోతే ఆ లెక్క తప్పే వీలుంది. మీరు చెప్పే స్థితిలో లేకపోయినా వెంట వచ్చినవాళ్లకు ఆ ముక్క తెలిసి ఉండాలి.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఈ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అలాగని నెల తప్పిందని తెలియగానే సొంతంగా మాత్ర ఆపేస్తే తల్లి వాల్వుకు గండం. బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పక ముందే, గుండె డాక్టరునూ కాన్పుల డాక్టరునూ కలవాలి. అత్తమామలు దీన్ని సిగ్గు విషయంగా చూసి దాచడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. నెలసరిలో రక్తం మరీ ఎక్కువగా పోతున్నా ఓర్చుకోకుండా ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. పన్ను పుచ్చినా, సెగ్గడ్డ లేచినా అందులోని క్రిములు రక్తంలో చేరి లోహపు వాల్వును పట్టుకోగలవు. మూడు నాలుగు రోజులకు మించి జ్వరం ఉంటే ‘టైఫాయిడేలే’ అని యాంటీబయాటిక్ మింగకుండా, అది పడకముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి చెబితే పళ్ల డాక్టరు ముందుగా వేసుకోవాల్సిన మందు రాస్తారు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల వాల్వు పోయినవాళ్లలో చాలామందికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ కూడా కొనసాగించమంటారు. కొత్త వాల్వు వచ్చిందని దాన్ని ఆపకూడదు. అయితే అది కండలో వేసే సూదే కాబట్టి, మాత్ర వాడుతూ ఎలా తీసుకోవాలో గుండె డాక్టరునే అడగాలి.

రాత్రి నిశ్శబ్దంలో మీ గుండెలోంచి గడియారంలా టిక్ టిక్ మని వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టదు, తర్వాత అలవాటవుతుంది. పక్కన పడుకున్న ఇల్లాలికీ అలవాటవుతుంది. ఆ చప్పుడు మందగించినా, వినిపించకపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా 108కి ఫోన్ చేయాలి. తెల్లారాక చూద్దామనుకోకూడదు.

ఆపరేషన్ ఖర్చు పథకంలో గడిచిపోయినా, ఏళ్ల తరబడి పరీక్షకు పట్నం వెళ్లే బస్సు చార్జీ, పోయిన కూలీ ఇంటి మీదే పడతాయి. మాత్ర ఆగిపోయేది చాలా ఇళ్లలో ఇక్కడే. పంట డబ్బు చేతికొచ్చేదాకా వాయిదా వేస్తే నాలుగు నెలలు గడుస్తాయి. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది కాబట్టి నెలలో రెండో బిల్లు అందిన మర్నాడే పరీక్షకు వెళ్లేట్టు పెట్టుకుంటే తేదీ గుర్తుంటుంది, చేతిలో డబ్బూ ఉంటుంది. ఐఎన్ఆర్ ఎంత వచ్చిందో, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో, వాల్వు ఏ స్థానంలో ఉందో రాసిన కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకోండి. పొలం వెళ్లేటప్పుడు చొక్కా విప్పి గట్టు మీద పెట్టే అలవాటుంటే దాన్ని మొలతాడుకు కట్టుకోండి.