మీరు ఇంట్లో ఉన్నట్టు మీ ఇంటికి తెలుసా?

గదిలోకి అడుగు పెట్టగానే లైటు వెలగడం, ఆయన ఆఫీసు నుంచి ఇంటి దరిదాపులకు రాగానే ఏసీ ఆన్ అవడం ఇప్పుడు వింతేం కాదు. వీటినే స్మార్ట్ పరికరాలంటున్నారు. మనం అడక్కుండానే మన అవసరం కనిపెట్టి పని చేసిపెట్టాలన్నది వీటి ఉద్దేశం. కంప్యూటర్లు కంటికి ఆనకుండా మన పరిసరాల్లో కలిసిపోవాలని మార్క్ వైజర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1991లోనే రాశాడు.

బాగానే ఉంది. కానీ ఎవరి అవసరమండీ? ఇంట్లో మనుషులున్నారా లేదా అన్నది చాలా పరికరాలు సెల్‌ఫోన్‌ని బట్టి తెలుసుకుంటాయి. ఫోను ఇల్లు దాటి కొంతదూరం పోయిందంటే ఎవరూ లేరనుకుని లైట్లూ ఏసీ ఆపేస్తాయి. ఆ యాప్ ఎవరి ఫోన్లో ఉంటుంది? మీవారి ఫోన్లోనో, అబ్బాయి ఫోన్లోనో కదా! వంటింట్లో మీరూ, మంచం మీద అత్తగారూ ఉన్నా సరే, ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, యంత్రం లెక్కలో ఇల్లు ఖాళీయే. రోజంతా ఇంట్లో ఉండే మనిషే లెక్కలోకి రాకపోతే అదేం తెలివో!

అందుకని బిగించడానికి వచ్చిన కుర్రాడు వెళ్ళకముందే మీ ఫోన్లో కూడా యాప్ వేయించుకోండి. కుటుంబసభ్యుల జాబితాలో మీ పేరు చేర్పించండి. ఫోను వాడని పెద్దవాళ్ళుంటే ఈ ఏర్పాటు అసలు పెట్టించకండి.

కదలికను పసిగట్టి వెలిగే లైట్ల సంగతీ ఇంతే. కదలిక లేకపోతే కాసేపటికి ఆరిపోతాయి. రాత్రిపూట బాత్‌రూమ్‌లో పెద్దావిడ కదలకుండా కూర్చుంటే ఉన్నట్టుండి చీకటి! లేవబోయి జారితే? ఆరిపోయే వ్యవధిని పది పదిహేను నిమిషాలకు పెంచమనండి.

స్నానాల వేళకు నీళ్ళు వేడెక్కేలా గీజరుకు స్మార్ట్ ప్లగ్ పెట్టించేవారు ఒకటి చూసుకోవాలి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గే ఉండాలి. చవగ్గా వచ్చిందని 6 ఆంపియర్లది తగిలిస్తే వేడెక్కి కాలిపోగలదు.

ఇక మాట వినే స్పీకరు. అలెక్సాకి 2019 నుంచి హిందీ కూడా వచ్చు. ఎప్పుడు పిలుస్తామా అని మైకు తెరుచుకునే ఉంటుంది. పక్కింటావిడ వచ్చి మనసు విప్పి నాలుగు మాటలు చెప్పుకునేటప్పుడు పైనున్న మైకు బొత్తం నొక్కండి, ఎర్ర దీపం వెలుగుతుంది. మళ్ళీ నొక్కేదాకా వినదు.