బస్తర్ బాలల న్యాయం: ముప్పును కొలిచే ప్రశ్నలు ఎంత నమ్మదగినవి?

దక్షిణ బస్తర్‌లోని ఒక బాలల న్యాయ మండలి ముందుకు పదహారేళ్ల కుర్రాడు వచ్చాడనుకుందాం. ఐదో తరగతితో బడి మానేశాడు. తండ్రి జైల్లో ఉన్నాడు. అన్న ఒకప్పుడు మావోయిస్టు దళంతో తిరిగాడు. ఇంట్లో ఇప్పసారా కాస్తారు. ఇతను మళ్లీ నేరం చేసే ముప్పు ఎంత? ఇతనికి ఏ సాయం కావాలి? రెండూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి. కానీ మొదటిదానికి సంఖ్య చెబితే సరిపోతుంది, రెండోదానికి కుర్రాడి గురించి తెలియాలి.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లవాణ్ని మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లో ప్రొబేషన్ ఆఫీసర్ సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. కుటుంబం, చదువు, స్నేహితులు, అలవాట్లతో పాటు పెద్దవాళ్లెవరైనా అతన్ని వాడుకున్నారా అన్నది కూడా అందులో రాయాలి. విడిగా తయారుచేసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికకు ఈ నివేదికే ఆధారం.

ఇలాంటి మదింపు వెనక ఒక శాస్త్రం ఉంది. కెనడా మనస్తత్వవేత్తలు ఆండ్రూస్, బొంటా, హోజ్ 1990లో మూడు సూత్రాలు ప్రతిపాదించారు. ముప్పు ఎక్కువ ఉన్నవారికే ఎక్కువ సాయం అందాలి. ఆ సాయం నేరానికి దారితీసే అవసరాల మీద పనిచేయాలి. అందించే తీరు ఆ పిల్లవాడి భాషకు, నేర్చుకునే పద్ధతికి తగినట్టు ఉండాలి. వీరిలో హోజ్, ఆండ్రూస్ కలిసి యువత కోసం 42 అంశాల ప్రశ్నావళి రూపొందించారు. పాత నేరాలు, కుటుంబం, చదువు, స్నేహితులు, మత్తు, ఖాళీ సమయం, ప్రవర్తన, వైఖరి అనే ఎనిమిది విభాగాల్లో మార్కులు పడతాయి.

ఏ కొలబద్దనైనా ముందు క్రమాంకనం చేయాలి. ఒకచోట సరిచూసిన ప్రశ్నావళిని అలాగే బస్తర్‌కు తెస్తే ఏమవుతుంది? క్లబ్బుల్లో, ఆటల జట్లలో పాల్గొనకపోవడం అక్కడ ముప్పు కింద లెక్క. క్లబ్బే లేని ఊళ్లో అందరికీ ఆ మార్కు పడుతుంది. ఇప్పసారా పండుగలో దేవుడి ముందు పెట్టేది కూడా. ఇక బడి సంగతి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. మావోయిస్టులు బడులు పేల్చేశారు, మరికొన్నింట్లో భద్రతా బలగాలు మకాం వేశాయి. తర్వాత వెదురుతో కట్టిన పోటా క్యాబిన్ హాస్టళ్లే చాలామందికి బడులయ్యాయి. అలాంటి చోట ‘చదువు మానేశాడు’ అన్న గడిలో టిక్కు పెడితే తెలిసేది కుర్రాడి గురించి తక్కువ, జిల్లా గురించి ఎక్కువ.

మంచి సాధనంతోనూ లెక్క తేలిక కాదు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. వంద మందిలో 20 మంది మళ్లీ నేరం చేస్తారనుకుందాం. చేసేవాళ్లనూ చేయనివాళ్లనూ సాధనం నూటికి 70 సార్లు సరిగ్గా గుర్తిస్తుంది. అప్పుడు 20 మందిలో 14 మందిని పట్టుకుంటుంది. మిగతా 80 మందిలో 24 మందిని తప్పుగా ‘ప్రమాదకరం’ అంటుంది. ఆ ముద్ర పడిన 38 మందిలో 24 మంది నిజానికి మళ్లీ నేరం చేయనివాళ్లే. ముప్పు తక్కువున్న పిల్లల్ని కఠినమైన కార్యక్రమాల్లో ఎక్కువ ముప్పున్నవాళ్లతో కలిపితే మేలు కన్నా కీడే జరగవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి.

వయసు దగ్గరా ఇదే చిక్కు. బడి ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం రెండూ లేకపోతే ఎముకల పరీక్షే దిక్కు. మణికట్టు ఎక్స్‌రేని పోల్చడానికి వాడే ప్రసిద్ధ గ్రూలిచ్–పైల్ అట్లాస్ అమెరికాలోని క్లీవ్‌లాండ్ ప్రాంతపు పిల్లల చిత్రాలతో తయారైంది, వాళ్లలో ఎక్కువమంది కలిగిన ఇళ్లవాళ్లు. పోషకాహార లోపం ఉంటే ఎముక ఆలస్యంగా పండుతుంది. ఇలాంటి పరీక్షలో అటూ ఇటూ రెండేళ్లు తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే అంది. 17 అని తేలితే అది 15 కావచ్చు, 19 కావచ్చు. కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే, 16 నిండిన పిల్లవాణ్ని పెద్దవాడిలా విచారించాలా అని మండలి ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ మదింపు చూడాల్సింది నేరం నాటి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తిని, పరిస్థితులను. రేపు ఏం చేస్తాడన్నది అందులో లేదు. మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రం చదివిన సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 జులైలో స్పష్టం చేసింది.

బస్తర్‌కు మరో ప్రత్యేకత ఉంది. మావోయిస్టులు, సల్వాజుడుం, పోలీసులు ముగ్గురూ పిల్లల్ని వాడుకున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో నివేదించింది. పిల్లల్ని సాయుధ ముఠాల్లో చేర్చుకునేవాళ్లకు చట్టంలోని 83వ సెక్షన్ ఏడేళ్ల వరకు కఠిన కారాగారం విధిస్తుంది. సాయుధ ఘర్షణ బాధితుడైన పిల్లవాడు రక్షణ అవసరమైనవాడని కూడా అదే చట్టం అంటుంది. అంటే దళంలో తిరిగిన కుర్రాడు ఒకే ఫైలులో నిందితుడూ, బాధితుడూ. ‘చెడు స్నేహాలు’ అన్న గడికి ఇది అందదు. అతను ఇష్టపడి వెళ్లాడా, ఇంటికొకరు రావాలంటే వెళ్లాడా, తిరిగొస్తే ఊళ్లో ఎవరు ఎదురుచూస్తున్నారు అని అడగాల్సిందే.

అడిగేది ఏ భాషలో? కోంటా పరిసరాల్లో దోర్లీ మాట్లాడేవాళ్లున్నారు. భద్రాచలం వైపు వినిపించే కోయకు, తెలుగుకు అది చాలా దగ్గర. ఇతరచోట్ల గోండీ, హల్బీ. ఫైళ్లు మాత్రం హిందీలో. హిందీ ప్రశ్నకు మౌనంగా తలూపిన పిల్లవాడి గురించి ‘సహకరించలేదు, పశ్చాత్తాపం లేదు’ అని రాస్తే వైఖరి విభాగంలో మార్కు పడిపోతుంది. పిల్లవాడికి విచారణ భాష అర్థం కాకపోతే దుభాషిని ఏర్పాటు చేయాలని చట్టం మండలికే బాధ్యత అప్పగించింది. ప్రొబేషన్ ఆఫీసర్ తొలి సంభాషణ నాటికే ఆ దుభాషి పక్కన కూర్చుంటే నివేదికలో చాలా గడులు వేరేలా నిండుతాయి.