సెలవు దొరికిన క్రిస్మస్

సూరత్ జిల్లాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, మూకుమ్మడిగా ఆగేది ఏడాదికి ఒక్కసారి, దీపావళికి. పండుగ ముందు లెక్కలు తేల్చి బోనస్ చేతిలో పెడతారు. బట్టల మార్కెట్లు లాభ్ పంచమినాడు ముహూర్తం చేసి తెరుచుకుంటాయి కానీ, ఊళ్లకు పోయిన కార్మికులు తిరిగొచ్చి కార్ఖానాలు పూర్తిగా ఊపందుకోవడానికి ఇంకా టైము పడుతుంది. వరంగల్ వైపు వాళ్లం నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తుల కోసం ముందునుంచే తంటాలు పడేది ఆ నాలుగు రోజుల కోసమే. మా సొంత పండుగ బతుకమ్మ అంతకు మూడు వారాల ముందే వచ్చి పోతుంది. అప్పుడు సెలవుండదు. సద్దుల బతుకమ్మ నాడు మా ఆడవాళ్లు సొసైటీ ఆవరణలో పొద్దు గూకకముందే ఆడి ముగించాలి, చీకటి పడితే అదే జాగాలో గర్బా మైకు మొదలవుతుంది.

వలసపోయినవాడు పండుగ ఎవరిదని అడగడు, సెలవుందా అని అడుగుతాడు. ఈ సంగతి నాకు కిమ్‌లో తెలిసింది, మీ కాల్గరీలో ఖాయమైంది.

కిమ్ మీలో చాలామందికి తెలిసుండదు. సూరత్‌లో భరూచ్ వైపు పోయే పాసింజరు ఎక్కితే సాయణ్ దాటాక, కోసంబాకు ముందు వచ్చే స్టేషను. పక్కనే పారే నదిదీ అదే పేరు. హైవే మీది కిమ్ చార్ రస్తా లారీ డ్రైవర్లకు ఊరికన్నా బాగా తెలుసు. చుట్టూ, ముఖ్యంగా పిపోదరా వైపు, నేత కార్ఖానాలు. మాలాంటి పద్మశాలీలు మొదట సూరత్ లింబాయత్‌లోనో ఉధనాలోనో దిగి, పని వెంబడే ఇటు జరిగారు.

నా మిత్రుడు వచ్చిన దారి వేరు. 1960లో చమురు బయటపడిన అంకలేశ్వర్‌లో ఇంజనీరుగా చేరాడు. వాళ్లావిడకు కిమ్ బడిలో టీచరు ఉద్యోగం, అందుకని కాపురం కిమ్‌లో, మా పక్క వాటాలో. వాడు రోజూ బండెక్కి పోయి వచ్చేవాడు. ఆమెది కాకినాడ క్రైస్తవ కుటుంబం. డిసెంబరు రాగానే వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, బాల్కనీకి నక్షత్రం కట్టేది. కింది వాటా మరాఠీ అవ్వ మాత్రం ఏటేటా తలెత్తి చూసి, "దీపావళి కందీలు ఇంకా తీయలేదా?" అని కోప్పడేది.

క్రిస్మస్‌కు మా సాంచెలు ఆగవు. పన్నెండు గంటల పాళీ. రాత్రి పాళీ దిగి పొద్దున్నే మెట్లెక్కుతుంటే చెల్లెమ్మ ఎదురొచ్చి గులాబీ పువ్వుల డబ్బా చేతిలో పెట్టేది. "అన్నయ్యా, ఓ కునుకు తీసి భోజనానికి రండి" అనేది. ఆ కునుకు తీరేసరికి మళ్లీ పాళీకి టైమయ్యేది. గోడకు గోడ ఆనుకుని అన్నేళ్లు బతికాం, ఒక్క క్రిస్మస్ భోజనం కలిసి చేయలేదు.

వాళ్లు ఆల్బర్టాకు, మీ కాల్గరీకి, పోయి నిలదొక్కుకున్నాక, "ఈసారి మీరే రావాలి, సాకులు చెప్పొద్దు" అని పట్టుబట్టారు. ఇప్పుడు నాకూ సొంతంగా నాలుగు సాంచెలున్నాయి. వాటిని తమ్ముడికి అప్పజెప్పి, ఇంటావిడతో, కొడుకుతో ముంబయిలో విమానమెక్కాను.

మంచు గురించి మీకు నేను చెప్పేదేముంది, ఎత్తిపోసేవాళ్లు మీరే. కురవడం ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలన్న రూలు ఉండబట్టి, తెల్లారకముందే నా మిత్రుడు పార పట్టుకుని బయటపడేవాడు. తెల్లారకముందే అంటే ఎనిమిదికి. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటాకే కనిపిస్తాడు, నాలుగున్నరకల్లా దుకాణం కట్టేస్తాడు. కారు ముందు నుంచి వేలాడే ప్లగ్గు చూసి మా అబ్బాయి "కరెంటు కారా?" అన్నాడు. కాదు, పెట్రోలుదే. చలి బాగా ముదిరితే ఇంజిన్లో ఆయిలు చిక్కబడి బండి స్టార్టు కాదు. అందుకని ముందునుంచే కరెంటు ఇచ్చి ఇంజిన్ను వెచ్చగా ఉంచుతారు.

ఇవన్నీ వింతలే కానీ నన్ను పట్టుకున్నది ఇంకోటి. సోఫాలోంచి లేచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాకు కొట్టింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది పాత శత్రువు. పాలియెస్టర్ నడిపే కార్ఖానాలో గాలి పొడిబారితే దారానికి ఇలాగే కరెంటు పుడుతుంది. పోగులు విచ్చుకుంటాయి, తగలకూడని చోట తగిలి పుటుక్కున తెగుతాయి. ఒక్క పోగు తెగితే సాంచె ఆపాలి, వెతికి పట్టుకుని ముడేయాలి. అందుకే షెడ్డులో గాలికి తేమ పట్టిస్తాం. చెల్లెమ్మ ఇంటి హాల్లోనూ ఒక మూలన చిన్న తేమ యంత్రం పొగలాంటి ఆవిరి చిమ్ముతూ కూర్చుంది. నీళ్లు నిండుకున్నాయేమోనని రోజుకు రెండుసార్లు మూత తీసి చూడటం నా పనైంది.

మన క్రైస్తవులకు డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లే కదా. కాల్గరీలోనూ అద్దెకు తీసుకున్న హాల్లో, శనివారం పూట, ఒకటి జరిగింది. పాటలు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వేశారు. మిత్రుడి కూతురు చూసి పాడింది, మావాడూ అలాగే పాడాడు. సూరత్ కార్పొరేషను తెలుగు మీడియం బళ్లు నడుపుతుంది కానీ కిమ్ ఆ హద్దులో లేదు, వీడు గుజరాతీ బళ్లో చదివాడు. ఇద్దరికీ తెలుగు నోటికొచ్చు, చేతికి రాదు. నాకు బాధేమీ కలగలేదు. శ్రుతి తప్పింది పెద్దవాళ్లమే.

ఆ రాత్రి పులిహోర తింటూ చెల్లెమ్మ చెప్పింది, వాళ్ల తాతగారు కాకినాడలో మెక్లారిన్ హైస్కూల్లో చదివారని. ఆ మెక్లారిన్ కెనడా మనిషి. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు పిలిస్తే, కెనడా బాప్టిస్టుల తరఫున 1874లో కాకినాడలో మిషను మొదలుపెట్టాడు. ఆయన తోటివాడు టింపనీ 1885లో ఆ ఊళ్లోనే కలరాతో పోయాడు. ఆ తర్వాత పిఠాపురంలో, ఉయ్యూరులో ఆసుపత్రులు పెట్టిందీ ఈ మిషనే. మంచులో పుట్టినవాళ్లు గోదావరి జిల్లా ఉక్కపోతలో తెలుగు నేర్చుకుని క్రిస్మస్ చేసుకున్నారు. వాళ్ల బళ్లో చదివినాయన మనవరాలు ఇప్పుడు వాళ్ల దేశపు మంచులో గులాబీ పువ్వులు వేయిస్తోంది. చరిత్రలో మిషనరీల మీద ఎన్ని వాదనలున్నా, ఆ దూరాభారం చూశాక వాళ్ల గుండె ధైర్యాన్ని కాదనలేను. మాకు కనీసం ఫోనుంది.

ఇరవై నాలుగు అర్ధరాత్రి ఆరాధన ముగియగానే ఆ ఫోనే చేశాం. అక్కడ పన్నెండు కొడితే కిమ్‌లో పగలు పన్నెండున్నర. తమ్ముడు ఎత్తాడు, గొంతు వినపడలేదు, వెనక సాంచెల మోత. చెల్లెమ్మ ఫోను లాక్కుని స్పీకరు పెట్టి, చర్చి మెట్ల మీద కోట్లు తొడుక్కుంటున్న వాళ్లందరికీ వినిపించింది. "ఈ చప్పుడులో నేనెలా పడుకునేదాన్ని?" అంది వాళ్లమ్మాయి. "ఆగితే లేచి ఏడ్చేదానివి" అన్నాడు మావాడు.

ఇరవై ఐదున ఊరు మూతపడింది. దుకాణాల్లేవు, ఆఫీసుల్లేవు, పోదామన్నా చోటు లేదు. అంత ఖాళీ నేనూ నా మిత్రుడూ కలిసి ఎన్నడూ ఎరగం. పొద్దున మొదలుపెట్టి రాత్రిదాకా కూర్చున్నాం. కిమ్‌లో ఎవరు ఫ్లాటు కొన్నారు, ఎవరు పోయారు, ఎవరు ఎవరికి బాకీ అన్నీ తిరగేశాం. వాడిప్పుడు డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానేశాడు. నేను కాఫీ కప్పును కూడా మారుస్తున్నాను. దాని మీద కాసేపు కీచులాట. మర్నాడు బాక్సింగ్ డే, ఆడవాళ్లు మాల్‌కు లాక్కెళ్లారు. వాళ్లు కోట్ల ధరలు చూస్తుంటే నేను లోపలి అస్తరు తిప్పి నేత చూశాను. చాలావరకు పాలియెస్టరే. కొన్నయితే మా షెడ్డులో పదోవంతు ధరకు నేసే రకం.

తిరుగు ప్రయాణం ముందు, ఈసారి కిమ్‌లో కలుద్దామన్నాం. దీపావళికి రమ్మంటే వాడికి సెలవు లేదు, అమ్మాయికి పరీక్షలు. డిసెంబరులో వాళ్లకు ఖాళీ, మాకు రెండు పాళీల పని. చివరికి చెల్లెమ్మే తేల్చింది. డిసెంబరులోనే వస్తారు, మా కార్ఖానా వారపు సెలవు ఎప్పుడు పడితే అప్పుడే సెమీ క్రిస్మస్. ఆ నెలలో మావైపు లేత జొన్న కంకులు కాల్చి పోంక్ అమ్ముతారు, నిమ్మకాయ మిరియాల సేవ్ కలిపి తింటారు. అది తినిపించే పూచీ నాది. మీలో ఎవరైనా వాళ్లతో కలిసొస్తే ఇంకో రెండు కిలోలు ఎక్కువ తెస్తాను.