దులిపినా పోని దుమ్ము

పండగకి ఇల్లు దులిపేటప్పుడు మా అత్తగారు, "బీరువా వెనక చూస్తే ఇల్లాలి సంగతి తెలిసిపోతుందే" అనేవారు. అప్పట్లో ఒళ్లు మండేది. అణు తనిఖీల గురించి చదివాక ఆవిడే గుర్తొచ్చారు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి వెళ్లినవాళ్లు చేసే పనుల్లో ఒకటేమిటనుకున్నారు? గుడ్డ పెట్టి తుడవడం! పది సెంటీమీటర్ల చదరపు నూలు గుడ్డ. చేతులకి కొత్త తొడుగులు వేసుకుని గోడలూ, బల్లలూ, యంత్రాలూ తుడిచి, ఆ గుడ్డని సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి వియన్నా దగ్గరి సైబర్స్‌డార్ఫ్ ప్రయోగశాలకి పంపుతారు. పైన అంకెలే ఉంటాయి. ఏ దేశపు దుమ్మో పరీక్ష చేసేవాళ్లకి చెప్పరు. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

యురేనియంలో 235, 238 అని ఇద్దరు అన్నదమ్ములు. గుణం ఒకటే, బరువే తేడా. గనిలో దొరికేదాంట్లో 235 నూటికి 0.7 పాలు మాత్రమే. కరెంటు తీసే చాలా రియాక్టర్లకి 3 నుంచి 5 కావాలి. బాంబుకైతే సాధారణంగా 90 వరకూ పెంచుతారు. కంటికానని రేణువులోని పరమాణువులకి విద్యుదావేశమిచ్చి అయస్కాంతం పక్కగా పరిగెత్తిస్తే, తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. ఏవి ఎన్నో లెక్కపెట్టేది మాస్ స్పెక్ట్రోమీటర్.

2003లో టెహరాన్‌లోని కలాయే ఎలక్ట్రిక్ అనే చోట తుడవడానికి ఇరాన్ కొన్ని నెలలు ఒప్పుకోలేదు. ఆగస్టులో వెళ్లేసరికి భవనం రూపే మారిపోయి ఉంది. అంత చేసినా, బాగా శుద్ధి చేసిన యురేనియం రేణువులు గుడ్డకి అంటుకున్నాయి! అక్కడ యురేనియంతో యంత్రాలు నడిపి చూశామని ఆ అక్టోబరులో ఇరాన్ ఒప్పుకోక తప్పలేదు.

కానీ ఆ బాగా శుద్ధి చేసిన రేణువులు తమవి కావనీ, బయట కొన్న యంత్ర భాగాలతో వచ్చాయనీ వాదించింది. దొంగ మాటని ఎవరు నమ్ముతారు? 2005లో పాకిస్తాన్ ఇచ్చిన భాగాల మీది దుమ్ముతో పోల్చి చూస్తే, చాలామటుకు ఆ మాటే నిజమనిపించింది. ఒకటి దాచినవాళ్లు ఇంకొకటి నిజమే చెప్పి ఉండొచ్చన్నమాట. యుద్ధాల దాకా పోగల అనుమానాలివి, రెండేళ్లు ఆగి పోల్చి చూశారు.

నేను రెండు రోజులు కూడా ఆగలేదు. ఓసారి చెవికమ్మ కనబడకపోతే పనమ్మాయిని అనరాని మాట అన్నాను. అంతకుముందు చక్కెర తీసుకుంటూ ఒకసారి దొరికింది కదా, ఇదీ తనే అనుకున్నాను. నాలుగో రోజున కమ్మ దిండు గలీబులో దొరికింది. కబురు పెట్టాను. రాలేదు.