ఊపిరి తీస్తే పక్కలో పోటు

మన ఛాతీలో రెండు ఊపిరితిత్తులు ఉన్నాయి. వాటి చుట్టూ పలచని పొర ఉంటుంది. అది రెండు వరుసలు. ఒకటి ఊపిరితిత్తిని అంటి ఉంటుంది. ఇంకొకటి పక్కటెముకలకు లోపలి వైపు అంటి ఉంటుంది. మధ్యలో రెండు మూడు చెంచాల తడి ఉంటుంది. బండి ఇరుసుకు కందెన ఎలాగో, ఈ పొరలకు ఆ తడి అలాగ.

పొర వాచితే ఏమవుతుంది? రెండు వరుసలు రాసుకుంటాయి. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా పక్కలో పొడిచినట్టు పోటు వస్తుంది.

కొందరికి పొరల మధ్య నీరు చేరుతుంది. అప్పుడు పొరలు రాసుకోవు. పోటు తగ్గుతుంది. జబ్బు పోయిందనుకుంటారు. కానీ పోలేదు. నీరు ఊపిరితిత్తిని నొక్కుతుంది. ఆయాసం మొదలవుతుంది.

ఇది గాలి సోకడం కాదు. వాతలు పెడితే తగ్గదు. మరి ఎందుకు వస్తుంది?

మన దేశంలో ముఖ్యమైన కారణం టి.బి. పోటుతో పాటు సాయంత్రం జ్వరం, పొడి దగ్గు ఉంటాయి. ఆకలి ఉండదు. మనిషి చిక్కిపోతుంది. నిమోనియా ముదిరితే పొరల మధ్య చీము పట్టవచ్చు. గుండె, కాలేయం, మూత్రపిండాలు చెడినా నీరు చేరుతుంది. కాన్సరు వల్ల కూడా చేరుతుంది.

రాతినార మరో కారణం. కడప జిల్లా పులివెందుల దగ్గర ఒకప్పుడు దీన్ని తవ్వారు. ఇంటి కప్పుకు వేసే సిమెంటు రేకుల్లో దీన్ని కలుపుతారు. ఈ రేకులు కోస్తే సన్నని దుమ్ము లేస్తుంది. అది ఊపిరితో లోపలికి పోతుంది. 20, 30 ఏళ్ల తరవాత కూడా పొరకు కాన్సరు రావచ్చు. రేకులు పగలగొట్టవద్దు. ఆ పని చేసినవాళ్ల బట్టలు దులపవద్దు. నీళ్లలో తడిపి ఉతకాలి.

డాక్టరు ఎక్స్‌రే తీయిస్తారు. సూదితో కొంత నీరు తీసి పరీక్ష చేయిస్తారు. దీనికి భయపడవద్దు. ఆ నీటిని బట్టే కారణం తెలుస్తుంది. అయితే నీరు తీసినంత మాత్రాన జబ్బు నయం కాదు. కారణానికి మందు వాడాలి.

టి.బి. అయితే మామూలుగా ఆరు నెలలు మందులు మింగాలి. సర్కారు ఆసుపత్రిలో అవి ఉచితం. తిండి కోసం నెలకు రూ. 1,000 బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇది 2024 నవంబరుకు ముందు రూ. 500 ఉండేది. రెండు నెలలకే ఒళ్లు తేలికపడుతుంది. అప్పుడే చాలామంది మందు మానేస్తారు. మానితే జబ్బు తిరగబడుతుంది. ఆ మందులకు లొంగకుండా పోవచ్చు.

ఇంటి పని ఆగిపోతుందని ఆడవాళ్లు నొప్పి దాచుకుంటారు. పక్కలో పోటు, ఆయాసం వస్తే దాచవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. రెండు వారాలు దాటి దగ్గు, జ్వరం ఉన్నా పోవాలి. పని రేపు చేసుకోవచ్చు. ఊపిరి రేపటికి ఆగదు.