అడుగుదాకా అడుగు!



మొన్నటి వ్యాసరచన పోటీలో మనలో చాలామంది ఒక ఇంగ్లీషు మాట రాసినాము. "గెట్ టు ది బాటమ్ ఆఫ్" అనే మాట. గైడులో చూసినాము, బాగుందని పెట్టేసినాము. సారు పక్కన ఎర్రసిరాతో "దేని అడుగుకు పోయినవు?" అని రాసిండ్రు. అందుకే ఈ వ్యాసం.

"బాటమ్" అంటే అడుగు. మన హాస్టలు పప్పు గంజు గుర్తు చేసుకోండి. గరిటె పైపైన తిప్పితే తేట వస్తది. అడుగుదాకా దించితే పప్పు వస్తది. ఒక సంగతిని అట్లనే చివరిదాకా ప్రశ్నించి అసలు కారణం తెలుసుకోవడమే ఈ మాటకు అర్థం. మన తెలుగులో ఇంకో సులువు ఉన్నది. గంజుకు కింద ఉండేది "అడుగు", ప్రశ్న వెయ్యమని చెప్పేది కూడా "అడుగు"!

వాడే పద్ధతి: "ఆఫ్" తర్వాత సంగతి రావాలి. "ప్రాబ్లమ్", "మ్యాటర్", "మిస్టరీ" లాంటివి. మనిషి పేరు పెట్టరాదు. "ది" మరువరాదు. జరిగిపోయినదానికి "గాట్ టు ది బాటమ్" అని రాయాలి. కాని కారణం నిజంగా దొరికితేనే అట్లా రాయాలి. దొరకకుంటే "ట్రైడ్ టు గెట్" అని రాయడమే న్యాయం.

ఇప్పుడు మన బోధన్ సంగతే చూద్దాం. "1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది. నష్టాలతో 2015లో మూతపడింది." మనం ఇంతే రాస్తాము. ఇది తేట. ఇక గరిటె దించుదాం.

1. బోధన్‌లోనే ఎందుకు పెట్టిండ్రు? మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్లతో చెరకు పండింది. కొట్టిన చెరకు ఆలస్యమైతే తీపి తగ్గుతది. అందుకే ఫ్యాక్టరీ పొలాలకు దగ్గరగా ఉండాలి.

2. పెద్దది అంటే దేంట్లో? ఆడిన చెరకులోనా, ఉన్న భూమిలోనా? ఏ సంవత్సరం లెక్క? జవాబు దొరకకుంటే "అంటారు" అని రాయాలి, "ఉండెను" అని కాదు.

3. నష్టం ఎందుకు వచ్చింది? చెరకు తగ్గిందా? యంత్రాలు పాతవైనయా? 2002లో ఎక్కువ వాటా ప్రైవేటుకు పోయింది, ఆ తర్వాత నడిపిన తీరు వల్లనా? ఒక్కరిని అడిగితే ఒక్క జవాబే వస్తది. రైతును, కార్మికుణ్ణి అడగాలి, లెక్కల కాగితం కూడా చూడాలి.

4. మూతపడినాక ఎవరు ఏమైండ్రు? చెరకు కొట్టబోయిన మన తండాల వాళ్లు తర్వాత ఏ పనికి పోయిండ్రు?

ఈ నాలుగో ప్రశ్నకు జవాబు ఏ గైడులో లేదు. అది మన అమ్మనాయనల దగ్గర ఉన్నది. మనం అడిగి రాసుకోకుంటే వాళ్లతోనే పోతది.

కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క ప్రశ్న అడిగి, జవాబు నోటుబుక్కులో రాసుకొని వద్దాం. అప్పుడు ఆ ఇంగ్లీషు మాట ధైర్యంగా వాడుకోవచ్చు.

వార్డెన్ సార్లకు మనవి: ఇకమీద మేము కొంచెం ఎక్కువ అడుగుతాము. కోపం చేయకండి. వ్యాసం కోసమే!