తీరగ్రామాల భావి ప్రణాళికలో గ్రామస్థుల భాగస్వామ్యం - నెల్లూరు తీరం అనుభవం
(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు తీరమున పాలెములు, పట్టపుపాలెములు, కుప్పములు అను పేర్లతో వరుసగా మత్స్యకార గ్రామములు కలవు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం కావలి మొదలు తడ వరకు ఈ జిల్లాకు 169 కిలోమీటర్ల సముద్రతీరం ఉండేది. ఆ మార్పులో పులికాట్ సరస్సు పరిసర మండలాలు తిరుపతి జిల్లాలో చేరగా, కందుకూరు ప్రాంతం నెల్లూరులో కలిసింది. పరిపాలనా సరిహద్దులు మారినప్పటికీ తీరవాసుల ప్రశ్న మారలేదు. తమ ఊరు ముందు ఉన్న ఇసుక నేల, వెనుక ఉన్న సాగుభూమి, పక్కన ఉన్న కాలువ ఇరవై ఏండ్ల తరువాత దేనికి ఉపయోగపడవలెనో నిర్ణయించునపుడు తమను ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో అడుగుతారు అన్నదే ఆ ప్రశ్న.

గత రెండు దశాబ్దాలలో ఈ తీరం స్వరూపం వేగంగా మారింది. 2008 జూలైలో కృష్ణపట్నం ఓడరేవు జాతికి అంకితమైంది. ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు ఒకదాని తరువాత ఒకటి వెలిశాయి. 2022 జూలై 20న రామాయపట్నం ఓడరేవుకు భూమిపూజ జరిగింది. 2024 ఆగస్టు 30న బోగోలు మండలం జువ్వలదిన్నె చేపలరేవును ప్రధానమంత్రి ప్రారంభించారు. 2025 జనవరి 8న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి శంకుస్థాపన చేశారు. ఇందులో ప్రతి ఒక్కటీ ఏదో ఒక గ్రామం యొక్క పూర్వపు పటాన్ని మార్చినదే. కనుక పటం గురించే ముందుగా చెప్పవలసి ఉన్నది.

పటంలో లేనిది

కోస్తా నియంత్రణ మండలి నిబంధనలను కేంద్ర ప్రభుత్వం మొదట 1991 ఫిబ్రవరి 19న, తరువాత 2011 జనవరి 6న, తిరిగి 2019 జనవరి 18న నోటిఫై చేసింది. ఈ నిబంధనల ప్రకారం ప్రతి తీర రాష్ట్రం తీరప్రాంత నిర్వహణ ప్రణాళికను పటాలతో సహా తయారు చేయవలెను. ముసాయిదాపై జిల్లా స్థాయిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, వచ్చిన సూచనలను, అభ్యంతరాలను బట్టి సవరించి, కేంద్ర మంత్రిత్వ శాఖ ఆమోదం పొందవలెను. ప్రధాన పటాలు 1:25,000 స్కేలుపై ఉంటాయి. ఆ స్కేలులో ఒక మత్స్యకార గ్రామం బొటనవేలి గోరంత కనిపిస్తుంది. పడవలు ఎక్కడ నిలుపుతారు, వలలు ఎక్కడ ఆరవేస్తారు, చేపలు ఎక్కడ ఎండబెడతారు అన్నది ఆ పటంలో చదవలేము.

అందువల్లనే గ్రామస్థాయిలో 1:3960 లేదా దానికి దగ్గరి స్కేలుపై, సర్వే నంబర్లు గల పటాలు వేయవలెనని నిబంధన ఉన్నది. మత్స్యకారుల ఉమ్మడి ఆస్తులు, పడవల రేవులు, మంచు దిమ్మెల వేదికలు, ఆసుపత్రులు, పాఠశాలలు, రోడ్లు ఆ పటాలపై గుర్తించవలెను. అంతేగాక రానున్న కాలంలో కుటుంబాలు పెరిగినప్పుడు అవసరమయ్యే ఇళ్ల స్థలాలు, పారిశుద్ధ్యం, విపత్తు రక్షణ ఏర్పాట్లతో దీర్ఘకాలిక గృహవసతి ప్రణాళికను కూడా రాష్ట్రాలు రూపొందించవలెను. పాత్రికేయుల దృష్టికి అంతగా రాని ఈ నిబంధనే తీరవాసులకు అన్నింటికన్నా ముఖ్యమైనదని చెప్పవచ్చును. ఇక్కడ ప్రజల నుండి కోరుతున్నది అభిప్రాయం కాదు, సమాచారం. ఆ సమాచారం గ్రామస్థుల వద్ద తప్ప మరెక్కడా లేదు.

ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చును. అలివి వల లాగుటకు ఒడ్డున చాలా దూరం ఖాళీగా ఉండవలెను. వల రెండు కొసల తాళ్లను పట్టుకొని రెండు జట్లు దూరదూరంగా నిలబడి, క్రమంగా ఒకరికొకరు దగ్గరగా జరుగుతూ లాగుతారు. వల లేని వేళ చూసిన సర్వేయరుకు అది ఖాళీ ఇసుక. రెవెన్యూ రికార్డులో అది పోరంబోకు. పడవలు కదలని రోజున ఉపగ్రహ ఛాయాచిత్రంలోనూ ఖాళీయే. "ఖాళీ" అని ఒకసారి వ్రాసుకున్న భూమికి తరువాత రిసార్టో, రహదారో, గోదామో రావడం ఆశ్చర్యం కాదు.

ఈ పొరపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి రాగలదో శ్రీకాకుళం జిల్లా సోంపేట చెబుతుంది. అక్కడి బీల భూములను బంజరుగా చూపి థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతి తీసుకున్నారు. 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్థానికులు అది సాగుకు, చేపలకు ఆధారమైన చిత్తడి నేల అని చెప్పినా అనుమతి ఆగలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. సభలో చెప్పిన మాటను సభలోనే లెక్కలోకి తీసుకొని ఉంటే వివాదం అంతవరకు వెళ్లి ఉండేది కాదు.

ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరుగును

ఓడరేవు, విద్యుత్ కేంద్రం వంటి ప్రాజెక్టులకు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి సభను ఏర్పాటు చేస్తుంది. జిల్లా కలెక్టరు, లేక అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన ఇవ్వవలెను. నివేదిక సారాంశాన్ని తెలుగులో కూడా అందుబాటులో ఉంచవలెను. సభను వీడియో తీయవలెను. హాజరుకు కోరం నియమం లేదు. పదిమంది వచ్చినా సభ సభయే. ఈ కారణంగా హాజరు తక్కువగా ఉండడాన్ని అంగీకారంగా భావించడం సరికాదని అధికారులు గమనించవలెను.

ఆచరణలో చిక్కు తేదీ, వేళల వద్దనే మొదలవుతుంది. వేటకు వెళ్లే పడవ తెల్లవారకముందే సముద్రంలోకి దిగుతుంది. పొద్దెక్కిన తరువాత ఒడ్డుకు చేరి, చేపలు అమ్ముడుపోయి, వల సర్దుకొనేసరికి సభ సగం పూర్తవుతుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధకాలంలో పురుషులు గ్రామాల్లోనే ఉంటారు గనుక ఆ రోజులలో సభ పెట్టడం మేలు అనవచ్చును. అయితే వేసవి ఎండలో మధ్యాహ్నం సభకు వృద్ధులను, స్త్రీలను రప్పించడం కూడా భావ్యం కాదు. సాయంకాలపు సభకు నిబంధనల్లో ఎట్టి అడ్డంకీ లేదు.

పాత్రికేయులు తెలుసుకోదగిన మరొక విషయం కలదు. ఇదివరకే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కులో తరువాత నెలకొల్పే యూనిట్లకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. అనగా పార్కు అనుమతి కొరకు జరిగే ఆ ఒక్క సభయే రాబోయే అనేక పరిశ్రమలకు కూడా సభ. ఏ పరిశ్రమ వస్తుందో తెలియని నాడు జరిగే సభకు జనం పలుచగా రావడం సహజం. తెలిసిన నాటికి సభ ఉండదు.

భూమి లేనివారికి కూడా స్థానం ఉన్నది

2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలకు భూమి సేకరించునపుడు ప్రభావిత కుటుంబాలలో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం సమ్మతి అవసరం. సామాజిక ప్రభావ మదింపును పంచాయతీతో సంప్రదించి జరిపి, ప్రభావిత ప్రాంతంలో బహిరంగ విచారణ నిర్వహించి, నివేదికను స్థానిక భాషలో ప్రచురించవలెను. అయితే పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతుల వంటి కొన్ని రకముల ప్రాజెక్టులను ప్రజాప్రయోజనం దృష్ట్యా ఈ మదింపు నుండి మినహాయించే అధికారాన్ని రాష్ట్రం 2018 సవరణ ద్వారా పొందింది. తమ గ్రామ విషయంలో మినహాయింపు వర్తింపజేశారా లేదా అన్నది గ్రామస్థులు మొదట అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న.

చట్టంలోని "ప్రభావిత కుటుంబం" అను మాటకు ఇచ్చిన అర్థం ఈ తీరానికి ఎంతో ముఖ్యం. భూమి ఉన్నవారు మాత్రమే కాక, సేకరణకు పూర్వం మూడేళ్లుగా జలవనరులపై ప్రధానంగా ఆధారపడి జీవించిన మత్స్యకారులు, పడవ నడిపేవారు కూడా ప్రభావిత కుటుంబాల క్రిందికే వస్తారు. కండలేరు క్రీకులోనో, బకింగ్‌హాం కాలువలోనో, పులికాట్ అంచులలోనో చేతులతో రొయ్యలు, పీతలు పట్టుకొని జీవించే యానాది కుటుంబానికి పట్టా ఉండదు, పడవ ఉండదు, చాలాసార్లు రేషను కార్డులోని చిరునామా కూడా సరిగా ఉండదు. అయినను చట్టం దృష్టిలో ఆ కుటుంబం ప్రభావిత కుటుంబమే. లెక్కింపునకు వెళ్లే సిబ్బంది ఇంటి తలుపులు మాత్రమే లెక్కించి, నీటి గట్లను లెక్కించకపోతే వారు జాబితాలోకి రారు. 1969 తరువాత శ్రీహరికోట దీవిని అంతరిక్ష కేంద్రానికి తీసుకొన్ననాడు అక్కడి యానాదులను అడిగి ప్రణాళిక వేసే చట్టమే లేదు. నేడు చట్టం ఉన్నది.

ఊరి తరఫున ఎవరు మాట్లాడుదురు

మత్స్యకార గ్రామాలలో కాపుల పెద్దరికం, కట్టుబాట్లు, దురాయి అనునవి నేటికీ బలమైనవి. వేటకు ఎప్పుడు పోవలెను, ఏ వల వాడరాదు, గొడవను ఎలా తీర్చవలెను అను విషయాలను గ్రామమే నిర్ణయించుకొనే ఈ సంప్రదాయం ఒక విధంగా ప్రణాళికా వ్యవస్థయే. అధికారులు కూడా సౌకర్యం కొరకు పెద్దలతో మాట్లాడి ఊరి మాట తెలిసినదని భావిస్తుంటారు. ఇందులో ఒక లోపం ఉన్నది. పెద్దల సభలో స్త్రీలు కూర్చోరు. చేపను ఒడ్డు నుండి అంగడికి చేర్చేది, ఎండబెట్టేది, అప్పు తెచ్చేది, తీర్చేది వారు. రేవు ఐదు కిలోమీటర్లు జరిగితే పురుషునికి పెరిగేది డీజిలు ఖర్చు. బుట్ట నెత్తిన పెట్టుకొనే స్త్రీకి పోయేది ఏకంగా వ్యాపారమే. చేపలరేవుల రూపకల్పనలో వేలం స్థలం, నీడ, మరుగుదొడ్లు, బస్సు నిలిచే చోటు అను చిన్న విషయాలను ముందుగా వారినే అడగవలెను.

స్త్రీల మాట వింటే ఏమగునో ఈ జిల్లాకు ఎవరూ చెప్పనవసరం లేదు. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకొన్న దూబగుంట మహిళలు 1992లో లేవనెత్తిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగానే 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయ్యింది.

తీరగ్రామం అనగానే మత్స్యకారులే అనుకొనడం కూడా పొరపాటు. ఉలవపాడు మండలం కరేడులో ఇసుక నేలలు, పైపైనే లభించే మంచినీరు ఆధారంగా రైతులు ఏటా అనేక పంటలు తీస్తారు. మండలం మామిడికి ప్రసిద్ధి. సౌర పరికరాల పరిశ్రమకు అక్కడి భూములు సేకరించే ప్రతిపాదనపై 2025 జూలైలో జరిగిన గ్రామసభలో గ్రామస్థులు తీవ్ర వ్యతిరేకతను తెలియజేశారు. పరిశ్రమ వలన ఉద్యోగాలు రాగలవన్న వాదనలోనూ బలం ఉన్నది. ఒడ్డున వేట తగ్గి యువకులు పట్టణాలకు పోతున్నారన్నది కూడా సత్యమే. కాని స్థలం ఎంపిక పూర్తయిన తరువాత సభ పెడితే గ్రామస్థులకు మిగిలేది అవునో కాదో అను రెండు మాటలు మాత్రమే. స్థలం ఎంపికకు ముందు అడిగితే ఏ సర్వే నంబర్లలో నీరు తియ్యనిదో, ఏవి చవుడు నేలలో వారే చూపగలరు.

పొరుగు అనుభవం

2004 డిసెంబరు 26 సునామీ తరువాత తమిళనాడు ప్రభుత్వం 2005 మార్చి 30న ఒక ఉత్తర్వు ఇచ్చింది. తీరం నుండి 200 మీటర్లలోపు ఉన్నవారు కోరుకుంటే దూరంగా కొత్త ఇల్లు ఇస్తారు, పాత స్థలం వదులుకోవలెను. ఉండదలచినవారు ఉండవచ్చును, కాని ప్రభుత్వ సాయం ఉండదు. ఉద్దేశం రక్షణ. మత్స్యకారులకు కలిగిన సందేహం మాత్రం, తాము ఖాళీ చేసిన ఒడ్డు ఎవరికి పోవునన్నది. ఒడ్డున కూర్చొని నీటి రంగును, పక్షుల కదలికను చూసి చేపల గుంపును పసిగట్టే వృత్తివారికి ఇంటికీ సముద్రానికీ మధ్య దూరం కేవలం దూరం కాదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెను తుఫానును చూసిన నెల్లూరు తీరవాసులకు రక్షణ విలువ తెలియనిది కాదు. ఖాళీ అయిన స్థలం గ్రామం పేరిటనే ఉమ్మడి భూమిగా ఉంటుందని పటంపై వ్రాసి ఇస్తే, దూరంగా జరుగుటకు వారిలో చాలామందికి అభ్యంతరం ఉండకపోవచ్చును.

గ్రామస్థులు కోరిన పనిని నిపుణులు కాదనలేని సందర్భాలూ ఉన్నాయి. పులికాట్ సరస్సు ముఖద్వారం రాయదొరువు వద్ద ఇసుకతో పూడిపోయి సముద్రపు నీరు లోనికి రాక చేపల రాక తగ్గినదని, పూడిక తీయవలెనని మత్స్యకారులు దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు. నేలపట్టులో 1976లో పక్షుల రక్షిత కేంద్రం ప్రకటించుటకు ఎంతో ముందునుండే, పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువని గ్రహించిన గ్రామస్థులు వాటిని వేటగాండ్ర నుండి కాపాడుతూ వచ్చారు.

ప్రజాభిప్రాయ సేకరణ ముగింపులో, ఆనాడు చెప్పిన అభిప్రాయాల సారాంశాన్ని అధికారి స్థానిక భాషలో సభికులకు చదివి వినిపించి, సంతకం చేయవలెను. ఆ కార్యక్రమ వివరాలను ఎనిమిది రోజులలో అనుమతినిచ్చు సంస్థకు పంపి, సంబంధిత పంచాయతీ కార్యాలయాలలో, జిల్లా పరిషత్తులో, కలెక్టరు కార్యాలయంలో, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో ప్రదర్శించవలెను. తాను చెప్పిన మాట ఆ కాగితంలో లేదని గమనించిన గ్రామస్థుడు సభ వీడియోను చూపుతూ లిఖితపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయవచ్చును.